సుబ్బరావమ్మ గారి బాధ్యతల పంపకం

సర్పంచ్ సుబ్బరావమ్మ పెద్దకర్మ నాడు, భోజనాలకు ముందు, ఎమ్మెల్యే గారు మైకు అందుకుని ఒక చారిత్రక ప్రకటన చేశారు.

"సోదరులారా! ఆ మహాతల్లి మోసిన బాధ్యతల్లో ఒక్కటి కూడా ఖాళీగా ఉండటానికి వీల్లేదు. ఈ షామియానా కిందే పంపకం చేసేస్తున్నా. అబ్బాయి కోటేష్‌కి పంచాయతీ. అమ్మాయి బిందుమాధవికి హోం."

చప్పట్లు పడ్డాయి. కర్మ భోజనాల దగ్గర చప్పట్లేమిటని ఒకరిద్దరికి అనుమానం వచ్చింది గానీ, ఎమ్మెల్యే గారు వాటి కోసం ఆగి మరీ చూస్తుండటంతో కొట్టక తప్పలేదు.

"మరి గేదెలండీ?" అన్నాడు వెంకయ్య. ఆయన సుబ్బరావమ్మ భర్త. భార్య పోయాక పదిమందిలో నోరు విప్పడం అదే మొదలు.

"అవీ హోం కిందకే వస్తాయి వెంకయ్య గారూ," అని ఎమ్మెల్యే గారు అక్కడికక్కడే నిర్ణయం తీసుకున్నారు.

బిందుమాధవికి ఈ శాఖ దక్కిన సంగతి షామియానా వెనక, గాడిపొయ్యి దగ్గర, సాంబారు కలుపుతుండగా తెలిసింది. ఆమెకు ఇరవై అయిదేళ్లు. బీఎస్సీ పాసై, సత్తెనపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతోంది. తల్లి మిరప చేలో కాయ కోయిస్తూ గుండె పట్టుకుని గట్టు మీద కూర్చుంది. ఆటో వచ్చేలోపే అయిపోయింది. ఆనాటి నుంచి బిందుమాధవికి ఏడవడానికి తీరిక దొరకలేదు. ఏడుపు గొంతు దాకా వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు "అమ్మాయ్, కాఫీ" అనేవారు.

ఆ సాయంత్రమే కోటేష్ వచ్చి, "అక్కా, రేపట్నించి స్కూలు మానెయ్. నాన్నకి టయానికి అన్నం పెట్టే మనిషి ఉండాలి," అన్నాడు.

"నువ్వుండొచ్చుగా?"

"నేను అమ్మ బాధ్యత మొయ్యాలిగా!"

ఈ మాటలో అబద్ధం లేదు. తల్లి సర్పంచ్‌గా ఉన్న రెండేళ్లూ ఆఫీసులో కూర్చున్నది కోటేషే. బండి నంబరు ప్లేటు మీద అంకెల కంటే పెద్దగా 'సర్పంచ్' అని రాయించుకున్నదీ అతనే. అందువల్ల సుబ్బరావమ్మ మరణంతో గ్రామ పరిపాలనకు ఎలాంటి అంతరాయమూ కలగలేదు. అంతరాయం కలిగింది పాలు పితకడానికే.

చిక్కు నెల తర్వాత, ఉప ఎన్నిక కబురుతో వచ్చింది.

"లేడీస్ రిజర్వేషనండి," అన్నాడు పంచాయతీ కార్యదర్శి మరియదాసు, వెంకయ్య వసారాలో నిలబడి.

కుర్చీలో కూర్చున్న ఎమ్మెల్యే గారు ఆలోచించారు. "కోటేష్‌కి ఎగ్జెంప్షన్ ఏమన్నా దొరుకుద్దా?"

"ఆ రూల్లో లేదండి. ఇంట్లోనే బిందుమాధవమ్మ ఉన్నారు కదండీ. చదువుకున్నారు కూడా."

"ఆడపిల్లకిస్తే ఎట్లాగయ్యా? రేపు పెళ్లయి ఇంకో ఊరు పోద్ది. మన ఊరి పదవి తీసుకెళ్లి పక్క మండలంలో పెడతామా? కోటేష్‌కి పెళ్లి చేద్దాం. కోడలైతే ఎక్కడికీ పోదు."

"ఏడాది తిరక్కుండా పెళ్లేంటండీ? పైగా అక్క ఉండగా తమ్ముడికా?" అన్నాడు వెంకయ్య.

"ఆచారానికైతే మనం సర్దిచెప్పుకోవచ్చు. నోటిఫికేషన్‌కి ఎవరు చెప్తారు?"

కాఫీలు తెచ్చిన బిందుమాధవి ఇదంతా విన్నది. తన పేరు ఒకసారి పైకి లేచి కింద పడటం కూడా చూసింది. కోటేష్ వంక చూస్తే, అతను గ్లాసందుకుని, "చక్కెర తగ్గింది," అన్నాడు.

పంతొమ్మిది రోజుల్లో పెళ్లయింది. పిల్ల పేరు శ్రీరమ్య. తండ్రి దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీ సూపర్వైజరు. అభ్యర్థికి ఇరవై ఒకటి నిండాలంటే నిండాయన్నాడు. శుభలేఖ అచ్చవకముందే పిల్ల పేరు ఈ ఊరి ఓటర్ల జాబితాలో అచ్చయింది. పెళ్లిలో పురోహితుడు మంగళసూత్రం గురించీ, ఎమ్మెల్యే గారు ఏకగ్రీవం గురించీ మాట్లాడారు. ఇంకెవరూ నామినేషన్ వెయ్యకుండా ఆయనే దగ్గరుండి చూశారు.

"వదినా, సర్పంచంటే ఏం చెయ్యాలి?" అని అడిగింది శ్రీరమ్య, కాపురానికొచ్చిన మూడో రోజు, వంకాయలు తరుగుతూ.

"నాకూ తెలీదు రమ్యా. అమ్మనడిగితే కోటేష్‌నడగమనేది," అంది బిందుమాధవి. ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా రోజులైంది.

నామినేషన్ నాడు ఎమ్మెల్యే గారు ముందుచూపుతో, "సేఫ్టీకి ఒక డమ్మీ కూడా వేయించండి. ఇంట్లో మనిషైతే నమ్మకం," అన్నారు. అందుకని బిందుమాధవి గేదెలకు కుడితి పెట్టి, చేతులు కడుక్కుని వెళ్లి, చూపించిన చోటల్లా సంతకాలు చేసి, పప్పు తాలింపు వేళకు తిరిగొచ్చింది.

మర్నాడు పరిశీలన. ఎన్నికల అధికారి పదో తరగతి సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "అమ్మా, నీ వయసెంత?"

శ్రీరమ్య మర్యాదగా లేచి నిలబడింది. "ఇరవై దాటి ఏడు నెలలండి. ఇరవై ఒకటని చెప్పమన్నారు మా నాన్న."

అధికారి ఆమె కాగితాలు పక్కన పెట్టేశాడు. ఒక నామినేషన్ పోయింది. మిగిలినది ఒక్కటే.

ఎమ్మెల్యే గారు బయటికొచ్చి విలేకరులతో, మహిళా సాధికారత కోసం తాము మొదటి నుంచీ చదువుకున్న ఆడపడుచునే అనుకున్నామని చెప్పారు.

కొత్త సర్పంచ్ మొదటి సమావేశానికి ఆయన కూడా వచ్చారు. వార్డు సభ్యులు బల్లల మీద కూర్చున్నారు. సర్పంచ్ కుర్చీలో కోటేష్ కూర్చుని ఉన్నాడు. ఇంకో కుర్చీ లేకపోవడంతో బిందుమాధవి బల్ల పక్కన నిలబడింది.

"అక్కా, ఇక్కడొక సంతకం పెట్టి ఇంటికెళ్లు," అన్నాడు కోటేష్.

మరియదాసు మినిట్స్ పుస్తకం తెచ్చి నేరుగా ఆమె చేతికే ఇచ్చాడు. "గత సమావేశపు మినిట్స్ అధ్యక్షులు చదివి వినిపించాలమ్మా. రూలు."

"ఎప్పుడూ చదవలేదుగా!" అన్నాడు కోటేష్.

"సర్పంచ్ గారు ఎప్పుడూ రాలేదుగా బాబూ."

బిందుమాధవి పుస్తకం తెరిచింది. ముందు తల్లి సంతకం కోసం వెతికింది. సుబ్బరావమ్మకు సంతకం నేర్పింది తనే. 'సు' రాయడానికే పలక నిండిపోయేది. ఆ వంకర అక్షరాలు మొదటి పేజీలో, ప్రమాణం కింద, ఒక్కచోటే కనిపించాయి. తర్వాత అన్ని పేజీల్లోనూ సంతకం చకచకా, కింద గీతతో, గీత కింద రెండు చుక్కలతో ఉంది. పేజీలు తిప్పుతూ ఆఖరి దానికి వచ్చి ఆగిపోయింది.

"అక్కా, అది వద్దులే," అన్నాడు కోటేష్.

ఆమె క్లాసులో వెనక బెంచీకి వినబడేలా చదివే గొంతుతో మొదలుపెట్టింది.

"ది ఇరవై రెండో తారీఖు ఉదయం పదకొండు గంటలకు సర్పంచ్ శ్రీమతి సుబ్బరావమ్మ గారి అధ్యక్షతన సమావేశం జరిగినది. మొదటి తీర్మానం. మన గ్రామ సర్పంచ్ శ్రీమతి సుబ్బరావమ్మ గారు పంతొమ్మిదో తారీఖున ఆకస్మికముగా స్వర్గస్థులైనందుకు ఈ సమావేశము ప్రగాఢ సంతాపము తెలియజేయుచున్నది." కళ్లు తుడుచుకుని, వేలితో వరస పట్టుకుని చదివింది. "అధ్యక్షుల వారితో సహా అందరూ లేచి నిలబడి రెండు నిమిషములు మౌనము పాటించిరి. సంతకం, సుబ్బరావమ్మ, సర్పంచ్."

అప్పటిదాకా సెల్‌ఫోన్లో మాట్లాడుతున్న ఎమ్మెల్యే గారికి మౌనమన్న ముక్క మటుకు వినబడింది. ఫోను జేబులో పెట్టి, చేతులు కట్టుకుని, తల వంచి లేచి నిలబడ్డారు. ఆయన లేచేసరికి వార్డు సభ్యులు లేచారు. వాళ్లంతా లేచాక కోటేష్ కూడా లేవక తప్పలేదు.

ఖాళీ అయిన కుర్చీ ముందుకు లాక్కుని బిందుమాధవి కూర్చుంది. రెండు నిమిషాలూ పూర్తిగా అయ్యేదాకా ఆగి, పేజీ తిప్పింది.

"రెండో తీర్మానం," అంది.