ఊరేగిన కుర్చీ

మధ్యాహ్నం పన్నెండులోగా కుర్చీ వెలిమెల చేరాలి. జోగిపేట పప్పుల వ్యాపారి లక్ష్మీకాంతం ఆ ఉదయం పెట్టుకున్న పని అదొక్కటే. కుర్చీ అంటే అల్లాటప్పా కుర్చీ కాదు. తాతగారు దర్జా వెలగబెట్టిన రోజుల్లో చేయించుకున్నది. ఎర్రరంగు మీద చిలకలు, చేతులకు సింహాలు, అన్నింటికీ బంగారు రేకు పూత! భార్య అనసూయకు మోకాళ్ల ఆపరేషనైంది, ఆ మధ్యాహ్నమే డిశ్చార్జి. ఆస్పత్రికి దగ్గరని వెలిమెలలో ఫ్లాటు కిరాయికి తీసుకున్నారు. ఎత్తుగా ఉండే ఆ కుర్చీలో కూర్చుంటే తప్ప ఆమె మళ్లీ లేవలేదు.

"నువ్వొచ్చే యాళ్లకు కుర్చీ ఆడుంటది. నాది జిమ్మెదారి," అని మాటిచ్చాడు. ఆయన నిలబెట్టుకోని మాటలన్నీ అనసూయకు నోటికి వచ్చు.

ట్రాలీ ఆటోలో కట్టిన తాళ్లు ఒరుసుకుని పూత లేవకుండా దుకాణం హమాలీ జంగయ్య నడుమ వేపమండలు కుక్కాడు. పైన ఒక పసుపు చీర కప్పాడు. అసలే శ్రావణం, బోనాల రోజులు. పసుపు చీర, వేపమండలు, సందులోంచి తొంగిచూసే బంగారు సింహం! వెలిమెల మలుపులో ట్రాలీ ఆటో టైరు పేలగానే జనం మూగారు.

"అమ్మ ఈడ్నే ఆగింది!" అంటూ ఒకామె బిందెడు పసుపునీళ్లు ఎత్తింది.

"అయ్యో, పొయ్యకుండ్రి! రేకు లేస్తది!" అని లక్ష్మీకాంతం అడ్డం పడ్డాడు. నీళ్లన్నీ ఆయన నెత్తినే పడ్డాయి. పసుపు కారుతున్న మనిషిని చూశాక జనానికి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. ఎవరో దండ వేశారు. డప్పులొచ్చాయి.

"అమ్మ గాదు, ఉత్త కుర్చీ!" అని ఆయన మొత్తుకున్నాడు.

"గట్లనకు సేటూ, కండ్లు వోతయి," అంది గుంపు ముందున్న నర్సింహమ్మ అనే ముసలామె. "ఏడికి తీస్కవోవాలె జెప్పు."

టైము పదకొండున్నర. లక్ష్మీకాంతం ఎదురుగా కనిపిస్తున్న భవనం వైపు చెయ్యి చూపించాడు. "గా అపార్ట్‌మెంటు... మూడో అంతస్తు," అనేశాడు.

ఎనిమిది మంది భుజానికెత్తుకున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ కొబ్బరికాయ కొట్టాడు. లిఫ్టులో కుర్చీ పట్టలేదు. మెట్ల మీదుగా, అంతస్తుకో హారతి అందుకుంటూ, పూత చెక్కు చెదరకుండా హాల్లో దిగింది. అందరూ మొక్కి వెళ్లిపోయారు. నర్సింహమ్మ మాత్రం కదల్లేదు.

లక్ష్మీకాంతానికి ఏడుపొక్కటే తక్కువ. "తప్పైంది అవ్వా. ఇది మా ఇంటామె కూసునే కుర్చీ. ఆమె మోకాళ్లు బాగలెవ్వు."

"నాకెర్కే," అంది నర్సింహమ్మ. "చీర జారినప్పుడే సూసిన. అమ్మవారి కుర్చీకి చాయ్ మరకలుంటయా? ఉత్త కుర్చీ అంటె మూడంతస్తులు ఎవడెక్కిస్తడు? నీ మొఖం సూసి జాలేసింది. అందుకే నోరు మూస్కున్న."

లక్ష్మీకాంతం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సొంత తమ్ముడే ఖాళీ లేదని తప్పించుకున్న రోజున, ముక్కూ మొహం తెలియని మనిషి తన మాట నిలబెట్టింది. చేతులు జోడించాడు.

"నీ మేలు మరువ అవ్వా. ముందుగాల నువ్వే కూసో."

"నా మోకాళ్లు గూడ గట్లనే ఏడ్సినయి బిడ్డా," అంటూ నర్సింహమ్మ సింహాల మీద చేతులు వేసి, వెనక్కి వాలి, హాయిగా కళ్లు మూసుకుంది.

సరిగ్గా పన్నెండింటికి అనసూయ లిఫ్టు దిగింది. భర్త మొదటిసారి మాట నిలబెట్టుకున్నాడు, కుర్చీ ఉంది. ఖాళీగా మాత్రం లేదు.