వంతుల మాడ్యూలు దారి తప్పిన వైనం

నగర నీటి సరఫరా సంస్థ కంప్యూటర్ విభాగంలో పరిస్థితి పూర్తిగా అదుపులో ఉంది. ఏ వీధికి ఎప్పుడు నీళ్లు వదలాలో తేల్చే ప్రోగ్రాము సోమవారం పొద్దున్నే ఆగిపోయిన మాట నిజమే. 'వంతులు అనే మాడ్యూలు కనబడలేదు' అని తెర మీద ఎర్రక్షరాలు వస్తున్న మాటా నిజమే. మాడ్యూలంటే ప్రోగ్రాములో ఒక విడి భాగం; వీధుల వంతుల లెక్కంతా అందులోనే ఉంటుంది. అయినా కంగారు పడాల్సిన పనిలేదు. అప్పటికే ఒక కమిటీ వేశారు.

ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు. ఉన్నదల్లా డైరెక్టరుగారి సౌందర్య దృష్టి. అంతకుముందు తనిఖీకి వచ్చిన ఆయన కంటికి కంప్యూటర్లో 'పాతచెత్త' అనే ఫోల్డరు కనిపించింది. మనసు చివుక్కుమంది.

"ఇంత పెద్ద సంస్థలో చెత్త ఏమిటయ్యా? రేపు మంత్రిగారు చూస్తే?"

మంత్రిగారు ఫోల్డర్లు తెరిచి చూస్తారా అని ఎవరూ అడగలేదు. అక్కడికక్కడే దాని పేరు 'మహోన్నతి' అయింది. అందరూ చప్పట్లు కొట్టారు. పేరు మారిన సంగతి ప్రోగ్రాముకు మాత్రం ఎవరూ చెప్పలేదు. అది వంతుల కోసం పాత చిరునామాకే వెళ్లి, అక్కడ ఇల్లే లేకపోయేసరికి వట్టి చేతులతో తిరిగొచ్చింది.

దాన్ని సరిచేసే పని, విభాగంలో అందరికంటే కొత్త ప్రోగ్రామరు నెత్తిన పడింది. ఎర్రక్షరాలు పోతే ఆమె ఉద్యోగం పర్మినెంటు. పోకపోతే ఇంటికే. భర్త పనిచేసే కంపెనీ మూతపడింది కాబట్టి ఆ ఇంటికి ఆమె జీతమే దిక్కు. పైగా వాళ్ల వీధికి నీళ్లు ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు, సన్నగా వస్తాయి. మూడో అంతస్తు దాకా ఎక్కవు. అత్తగారు మెట్లెక్కి బకెట్లు మోసేవారు, మోసినంతసేపూ మాట్లాడేవారు.

"ఊరందరికీ నీళ్లు పంచే కోడలట! నన్ను మాత్రం బకెట్లకు పంచింది."

ప్రోగ్రామరు పైఅధికారిని అందరూ రీస్టార్ట్‌గారు అంటారు, ఆయన ఎదురుగా తప్ప. ఏ జబ్బుకైనా ఆయన దగ్గరున్న మందు అదొక్కటే: కంప్యూటర్ ఆపి మళ్లీ వెయ్యడం. అదీ పనిచేయకపోతే ఇంకో విద్య ఉంది.

"దేన్నీ కదపకమ్మా. ఆ ఫోల్డరు కాపీ తీసి ఇంకోచోట పెట్టు. ఆ చిరునామా జాబితాలో అన్నిటికంటే పైన రాసెయ్. మేమంతా అలాగే పైకొచ్చాం."

ప్రోగ్రాముకు మాడ్యూలు ఎక్కడుందో దానంతట అది తెలియదు. ఎక్కడెక్కడ వెతకాలో మనం వరసగా చిరునామాలు రాసిపెట్టాలి. ఆ పేరుతో మొదట ఏది కనబడితే దాన్నే పట్టుకొస్తుంది. అసలా నకలా అని అడిగే దురలవాటు దానికి లేదు. ఏళ్ల తరబడి పైకొచ్చినవాళ్లందరూ తలో చిరునామా రాసి పోయారు. వాటిలో చాలావరకు ఎప్పుడో తుక్కు కింద అమ్మేసిన కంప్యూటర్లవి. బతికున్నది ఒక్క పాతచెత్తే. అందరి ఆమోదం పొందిన అసలు మాడ్యూలు వేరే ఫోల్డర్లో భద్రంగా ఉంది. దాని చిరునామా మాత్రం ఆ వరసలో లేదు. దాని అవసరం ఎవరికీ రాలేదు.

ఈలోగా కమిటీ నిద్రాహారాలు మాని పనిచేసింది. "మాడ్యూలు కనబడకపోవడం మాడ్యూలు తప్పు కాదు!" అని డైరెక్టరుగారు బల్ల చరిచారు. "వెతకడంలో చిత్తశుద్ధి లోపించింది! మన సంస్థ ఆశయాలు ఆ ప్రోగ్రాముకు ఎవరైనా చెప్పారా?" చెప్పలేదని అందరూ సిగ్గుపడ్డారు. ఎర్రక్షరాలు సిబ్బందిని భయపెడుతున్నాయి కాబట్టి వాటిని ఆకుపచ్చగా మార్చాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ప్రోగ్రాము ఆగడంతో తెరిచిన వాల్వు తెరిచినట్టే ఉండిపోయి ఒక ఆటస్థలం చెరువైంది. అందులో పడవలు నడపవచ్చని ఉపసంఘం సూచించింది.

వాళ్లు పడవల రంగు గురించి తగువులాడుతుండగా ప్రోగ్రామరు చచ్చిన చిరునామాలన్నీ తుడిచేసి, అసలు ఫోల్డరు చిరునామా ఒక్కటే రాసింది. అక్షరాలు మాయమయ్యాయి. డైరెక్టరుగారు పూలగుత్తి ఇచ్చి, ఈ విజయం తన దూరదృష్టి ఫలితమని ప్రసంగించారు.

మర్నాడు పొద్దున మూడో అంతస్తులో కొళాయి బుసకొట్టింది. అత్తగారు ఉలిక్కిపడి లేచి, ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నింపేశారు. చెంచాలు కూడా వదల్లేదు.

అదే పొద్దున డైరెక్టరుగారు చెవుల్లో సబ్బు నురగతో ఆఫీసుకొచ్చారు.

"ఏం చేశావమ్మాయ్?"

"దారి సరిచేశానండి. మీరే పూలు ఇచ్చారు."

"మా కాలనీలో చుక్క నీళ్లు లేవు! మంత్రిగారు సోడాతో ముఖం కడుక్కున్నారు!"

విచారణ జరిగింది. పాతచెత్తలోని నకలులో, ఎప్పుడో రిటైరైన మహానుభావుడు ఒక వాక్యం చేర్చి పోయాడని తేలింది: ముందు ముఖ్యుల వీధులు, మిగిలితే మిగతావి. అసలుదానిలో ఆ వాక్యం లేదు; అందులో ముఖ్యుల వీధులు కూడా తమ వంతు వచ్చేదాకా ఆగాలి. ఇన్నేళ్లూ ఊరంతా దాహం తీర్చుకున్నది ఆ చెత్తలోంచే. అసలు మాడ్యూలు వాడటం తీవ్రమైన సాంకేతిక లోపమని కమిటీ నిర్ధారించింది. సాయంత్రంలోగా పాత దారి పునరుద్ధరించాలి, లేదా రాజీనామా ఇవ్వాలి.

రీస్టార్ట్‌గారు కుర్చీ దగ్గరికి జరిపి గొంతు తగ్గించారు. "ఏడవకు. పాతదే పెట్టు. పెడుతూ పెడుతూ మీ వీధి పేరు కూడా అందులో పడెయ్. ఎవడు చూడొచ్చాడు?"

ఆమె ఇంటికి ఫోన్ చేసింది. "అత్తయ్యా, రేపట్నుంచి నీళ్లు మళ్లీ రాకపోవచ్చు."

"అదేం మాటే! ఇప్పుడే తలంటుకున్నాను. నీ చేతిలో పనే కదా?"

"అందరికీ వస్తేనే మనకీ రావాలి కదా అత్తయ్యా."

"అందరూ వచ్చి నా బకెట్లు మొయ్యలేదమ్మా."

ఆమె అసలు ఫోల్డరు చిరునామా తుడిచేసింది. తర్వాత మహోన్నతి చిరునామా రాసింది. తర్వాత ముఖ్యుల వీధుల్లో తన వీధి పేరు రాసింది. శుక్రవారం ఉద్యోగం పర్మినెంటయింది.

ఆదివారం నాడు వెనకవీధి వాళ్లు గుంపుగా మెట్లెక్కి వచ్చారు. ఆమె తలుపు సగమే తీసింది.

ముందున్న దర్జీ చేతులు జోడించాడు. "మాకు ఒకపూట వచ్చి ఆగిపోయాయమ్మా, మీ వీధికి ఆగలేదు. ఎందుకు ఆగాయని అడగడానికి రాలేదు. అంత తెలియనివాళ్లం కాదు. మీ వీధి పేరు ఎలా ఎక్కిందో చెబితే చాలు."

అప్పట్నుంచి సంస్థకు అర్జీలు వెల్లువెత్తుతున్నాయి. దారి సరిచేయమని వాటిలో ఒక్కటీ లేదు. అన్నీ తమ వీధిని ముఖ్యుల్లో చేర్చమనే. ముఖ్యుల వీధులు మరీ పెరిగాయి కాబట్టి అతిముఖ్యుల కోసం ఇంకో నకలు తయారవుతోంది.

మా వీధినీ అందులో వేయించుకుంటాం, దాన్ని రాస్తున్నది ఎవరో పేరు చెప్పండి అని మీరు అడగబోతున్నారు. అడిగినవాళ్లలో మీరు మొదటివారు కాదు.