మరిడమ్మ కుడి సగం

శనివారం సాయంత్రం ప్రభుత్వ కంప్యూటర్లలో బ్రౌజర్ అప్‌డేట్ అయింది, సోమవారం పొద్దుటికల్లా పెదనిమ్మలూరు బడిలో వంట చేసే మరిడమ్మ కుడి సగం కనిపించడం మానేసింది. ముక్కు దగ్గర నుంచి పాదం దాకా ఎవరో గీత గీసి కత్తిరించినట్టు, అవతలివైపు ఏమీ లేదు. చెయ్యి ఉంది, పని చేస్తుంది, నొప్పీ గట్రా లేవు. కనపడదంతే. పైట ఎడమ భుజం మీద ఉంటుంది కాబట్టి మర్యాదకి లోటు రాలేదని ఆవిడ సర్దిచెప్పుకుంది.

గాలిలో తనంతట తనే తిరుగుతున్న గరిటెను పిల్లలు మొదటిరోజు నోళ్ళు తెరుచుకుని చూశారు. రెండోరోజు కంచాలు చాపారు. హెడ్మాస్టరు గారు వచ్చి, వంటకి ఇబ్బంది లేదు కదా అని అడిగి, లేదనగానే తన గదిలోకి వెళ్ళిపోయారు. ఆయనకి మోకాళ్ళ కింద కనిపించడం లేదు. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

చిక్కంతా శుక్రవారంతో ఉంది. వంటవాళ్ళని మరో ఏడాది కొనసాగించడానికి మండల ఆఫీసులో తెర మీద మనిషి పూర్తిగా కనిపించాలి, ఆపరేటరు చూసి ఒప్పుకోవాలి. శుక్రవారం సాయంత్రంలోగా కనిపించని వాళ్ళ పొయ్యి ఆర్పేస్తారు, పట్నం నుంచి వ్యానులో డబ్బాల అన్నం వస్తుంది. పక్క ఊరి బడికి నిరుటి నుంచి ఆ అన్నమే వస్తోంది. అక్కడి పిల్లలు దాన్ని ఉండలు చేసి గోడకి కొడితే ఉండలు చెక్కుచెదరకుండా వెనక్కి వస్తాయి. మరిడమ్మ పదిహేడేళ్ళుగా ఆ పొయ్యి దగ్గర ఉంది. దాన్ని వదులుకునే ఉద్దేశం ఆవిడకి కనిపించే సగంలోనూ లేదు, కనిపించని సగంలోనూ లేదు.

మంగళవారం వంట అవగానే మండల ఆఫీసుకి వెళ్ళింది. కంప్యూటర్ ఆపరేటరు భద్రం మంచివాడే. పైనుంచి వచ్చిన సూచనల కాగితం ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు.

"కుడివైపు పోయిందండి బాబూ," అంది మరిడమ్మ.

"ఆయ్, అప్‌డేట్ అమ్మా. ఇదివరకటి తప్పులు సరిచేశారంట. ముందు రీఫ్రెష్ చేద్దాం. బయటికెళ్ళి మళ్ళీ రండి."

అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారన్న సామెత మరిడమ్మకి గుర్తొచ్చింది గాని, అవసరం మనది కదా అని నోరు మూసుకుని బయటికెళ్ళింది. వెళ్ళింది, వచ్చింది, వెళ్ళింది, వచ్చింది. పదకొండుసార్లు గుమ్మం దాటింది. పన్నెండోసారికి ఎడమ చెవి దుద్దు కూడా పోయింది.

"ఇంక ఆపేద్దామమ్మా. ఉన్నది కూడా పోయేలా ఉంది," అన్నాడు భద్రం.

కాగితంలో రెండో సూచన, వేరే బ్రౌజర్లో చూడమని. భద్రం దగ్గర వేరేది లేదు. కాలవ అవతలి మండలంలో ఉంది. బుధవారం మరిడమ్మ రేవు దాటి అక్కడికి వెళ్ళింది. ఆ తెర మీద ఆవిడ కుడి సగం చక్కగా, గాజులతో సహా కనిపించింది. ఎడమ సగం లేదు. ఆ ఆఫీసు వాళ్ళు ఉన్నంతవరకు ఉన్నట్టు ముద్ర వేసి కాగితం ఇచ్చారు. ఆవిడ పరుగున తిరిగొచ్చి దాన్ని భద్రం ముందు పెట్టింది.

"ఇక్కడ సగం, అక్కడ సగం. కలిపితే నేనున్నట్టే కదండీ?"

"ఉన్నట్టేనమ్మా. కానీ రెండు మండలాలు కదా. కలపాలంటే జిల్లావాళ్ళు కూర్చోవాలి."

"ఎప్పుడు కూర్చుంటారండీ?"

"వాళ్ళకి నడుం దగ్గర కనపడ్డం లేదంట. కూర్చోడం కష్టమేనమ్మా."

గురువారం మూడో సూచన. పాతవి పేరుకుపోయి ఉంటే కొత్తది సరిగ్గా కనపడదు కాబట్టి కొన్ని జ్ఞాపకాలు తీసెయ్యాలన్నాడు భద్రం.

"కంప్యూటర్లోవాండీ?"

"అవి నిన్నే తీసేశాను. మీవి."

ఒక ఫారం ఇచ్చాడు. మరిడమ్మ ముందుగా అత్తగారు అన్న మాటలన్నీ రాసింది. వాటిని వదలడానికి ఆవిడకి రెండో ఆలోచన అక్కర్లేకపోయింది. అవి పోయాయి, ప్రాణం హాయిగా ఉంది, కుడివైపు మాత్రం రాలేదు. బరువున్నది ఇంకేదైనా ఇమ్మన్నాడు భద్రం. ఆవిడ బల్ల మీద కూర్చుని ఉన్నవాటిని ఒక్కొక్కటే వెతుక్కుంది. పన్నెండేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం, పొగలో, అమ్మ తన మణికట్టు పట్టుకుని గుప్పెట్లో ఉప్పు కొలవడం నేర్పింది. పిల్లల పొయ్యి కోసం కదా ఇస్తున్నది, అమ్మ ఏమీ అనుకోదులే అనుకుని దాన్ని రాసి ఇచ్చేసింది. భద్రం బటన్ నొక్కాడు.

పన్ను ఊడినచోట నాలుక తడుముకున్నట్టు ఆవిడ మనసు కాసేపు ఏదో తడుముకుంది. కుడివైపు అప్పటికీ రాలేదు.

భద్రం కాగితం తిరగేసి వెనకవైపు చదివి నాలిక్కరుచుకున్నాడు. "ఇది చేసేముందు తెర సైజు సరిచూసుకోమని రాసుందమ్మా. ముందే తిరగెయ్యాల్సింది."

"అయితే తీసింది మళ్ళీ పెట్టేయండి."

"తీసినవి రావమ్మా."

"ఇంతకీ ఏం తీశారండీ?"

"మీ సొంత విషయాలు కదా. నేను చూడకూడదు."

ఏం పోయిందో తెలియకపోవడంతో ఏడవాలో అక్కర్లేదో కూడా మరిడమ్మకి తెలియలేదు. శుక్రవారం పప్పులో ఉప్పు చాల్లేదన్నారు పిల్లలు. పదిహేడేళ్ళలో ఆ మాట వినడం అదే మొదలు. వంట అవగానే బజారుకి వెళ్ళి ఒక కొలత చెంచా కొనుక్కుని, అక్కణ్ణుంచి నేరుగా ఆఫీసుకి నడిచింది.

నాలుగో సూచన తేలిక. తెర మీది బొమ్మను చిన్నది చేస్తే అన్నీ అందులో పడతాయి. అయితే చిన్నది చేసే బటన్ మూడేళ్ళ కిందటే ఊడిపోయింది, కొత్తదాని కోసం పెట్టిన అర్జీ నడుస్తోంది. కాబట్టి మనిషినే చిన్నది చెయ్యాలి. భద్రం కెమెరాని కిటికీ వైపు తిప్పి, నడవమన్నాడు.

మరిడమ్మ నడిచింది. ఆఫీసు గేటు దగ్గర భుజం వచ్చింది. బస్టాండు దగ్గర మోచెయ్యి వచ్చింది. అయిదు కావస్తోంది. మోకాళ్ళ నొప్పి లెక్కచెయ్యకుండా, పైట బిగించి పంటబోదె దాటి, చేలగట్ల మీదుగా కాలవ గట్టెక్కింది. అక్కడ అప్పటికే తనలాగే తెగిపోయినవాళ్ళు నలభైమంది దాకా నిలబడి ఉన్నారు, ఇప్పుడు అందరూ పూర్తిగా. హెడ్మాస్టరు గారు కూడా ఉన్నారు, కాళ్ళతో సహా. "రండి మరిడమ్మ గారూ, ఇక్కడ బాగానే కనపడుతున్నాం," అని కాస్త జరిగి చోటిచ్చారు. ఆవిడ తన కుడిచేతిని ఎదురుగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. దూరాన కిటికీలోంచి ఆకుపచ్చ ఫైలు ఊగింది. ఒప్పుకున్నారన్నమాట. పొయ్యి నిలబడింది. ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

దగ్గరికొస్తే మళ్ళీ తెగిపోతారు కాబట్టి వచ్చే అప్‌డేట్ దాకా అక్కడే ఉండాలని ఉత్తర్వు వచ్చింది. మరిడమ్మ ఆదివారం ఇటుకలు మోయించి గట్టు మీదే పొయ్యి వేసింది. సోమవారం గంట కొట్టగానే పిల్లలు చేలకి అడ్డంపడి నడిచొచ్చారు. ఎసరు మరుగుతోంది. బియ్యం బస్తాలు మాత్రం మండల ఆఫీసు గిడ్డంగిలో ఉన్నాయి.

మరిడమ్మ గట్టు అంచుకి వచ్చి, నోటి చుట్టూ చేతులు పెట్టి, "బియ్యం పంపండీ!" అని అరిచింది. భద్రం కిటికీలోంచి చూశాడు. తెరకి సరిపోయినంత దూరం మాటకి సరిపోలేదు. మాట వినిపించడం గురించి సూచనల కాగితంలో ముందువైపూ లేదు, వెనకవైపూ లేదు. ఆవిడ పూర్తిగా, స్పష్టంగా, బొటనవేలంత కనపడుతోంది. అతను సంతోషంగా చెయ్యి ఊపాడు.

ఆవిడ మళ్ళీ అరవబోయి ఆగింది. అంత దూరం నుంచి తన కుడిచెయ్యి అతనికి కనపడుతోంది. వెనక పిల్లలు ఖాళీ కంచాలు వాయిస్తున్నారు. ఆవిడ కూడా చెయ్యి ఊపింది.