నివాళి నోట్‌లో పుట్టినరోజు ఫొటో

శనివారం పదింటికి తెనాలిలో స్కూలు హాల్లో సంతాపసభ. అక్కడే పనిచేసే లెక్కల మాస్టారు ఫిన్నీ ముందురోజే అన్నీ సిద్ధం చేసుకున్నాడు. పాత హెడ్మాస్టరు ఏసుపాదం గారు బాపట్లలో పోయిన వారం కన్నుమూసిన సంగతి చాలామందికి తెలియదు. అందుకని ఫోనులో నోట్సు యాప్‌కు ఒక ప్లగిన్ తగిలించి, పూర్వ విద్యార్థుల సంఘం వెబ్‌సైటు మొదటి పేజీని నోట్‌లోనే కనిపించేలా పెట్టాడు. పైన "మన గురువుగారికి కన్నీటి నివాళి" అని, సభ వేళ రాశాడు. కింద ఆ రోజు పేజీలో ఏసుపాదం గారి ఫొటో, పేరు ఎలాగూ కనిపిస్తున్నాయి గనక మళ్లీ పేరెందుకులే అనుకున్నాడు.

శనివారం ఆరింటికి ఆ నోట్ లింకును నలభైమందికి పంపి స్నానానికి వెళ్లాడు.

ఆ సైటులో ఏ రోజు వార్త ఆ రోజు పైకి వస్తుంది, నోట్‌లోనూ అదే కనిపిస్తుంది. ఆ రోజు రేపల్లెలో ఉంటున్న, అదే స్కూలు పాత తెలుగు మాస్టారు కరుణాకర్ గారి ఎనభయ్యో పుట్టినరోజు. నోట్‌లోని అరచేయంత జాగాలో ఆయన ఫొటో, పేరు వరకే పట్టాయి. శుభాకాంక్షలు అడుగుకు పోయాయి.

ఫిన్నీతో చదువుకున్న మధుబాబు అది చూసి కంగారుగా రేపల్లెకు ఫోను చేశాడు. సారు కూతురు శోభారాణి ఎత్తింది.

"నాన్నగారు ఎలా ఉన్నారమ్మా?"

"రాత్రంతా ఒకటే దగ్గండి. తెల్లారగట్ట నిద్రపోయారు."

మధుబాబు పుట్టి పెరిగింది లూథరన్ చర్చి పక్కనే. అతనికి ఆ మాటకు ఒకటే అర్థం, పోయారని. సారు ప్రభువునందు నిద్రించారని, కూతురే చెప్పిందని గ్రూపులో పెట్టాడు. సభ సంగతి తర్వాత, ముందు సారు ఇంటికి పోదామని అందరూ దండలు కొనుక్కుని రేపల్లె బస్సెక్కారు.

కుర్చీలు వేయించే హడావుడిలో ఫిన్నీ గ్రూపు చూడనే లేదు. పదయింది. ఏసుపాదం గారి భార్య రూతు బాపట్ల నుంచి ఒక్కతే రైల్లో వచ్చి ముందు వరసలో కూర్చుంది. వెనక కుర్చీలన్నీ ఖాళీ.

"ఎవరూ రారా నాయనా?"

"వస్తారమ్మా" అంటూ ప్రొజెక్టరులో ఆ నోట్ వేశాడు. తెరమీద కరుణాకర్ గారు నవ్వుతున్నారు.

"అయ్యో, ఈయన కూడా పోయారా?" అంది రూతు.

ఫిన్నీ అప్పుడు గ్రూపు తెరిచి చూశాడు. మధుబాబుకు ఫోను చేశాడు.

"చేరిపోయాం" మధుబాబు గొంతు పీలగా వచ్చింది. "సారు కొత్త చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. పుట్టినరోజుకి ఇంతమందొచ్చారా అని ఒకటే సంబరం. దండలు వీపు వెనక దాచుకున్నాంరా."

ఫోను కరుణాకర్ గారి చేతికి మారింది.

"ఏరా ఫిన్నీ, దండలెవరికంటే వీళ్లంతా నీళ్లు నములుతున్నారు. అసలు పోయిందెవర్రా?"

"ఏసుపాదం సారండి. పోయిన వారం."



"ముప్పై ఏళ్లు పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పాం. నాకెవరూ చెప్పలేదేంట్రా?"

 నలభైమందికి పంపిన లింకు ఈయనకు పంపాలని ఫిన్నీకి తోచనేలేదు.

"రూతమ్మ ఒక్కతే ఉందా? కూర్చోబెట్టు. వస్తున్నాం."

గంటన్నర ఫిన్నీ ఆమె పక్కనే కూర్చున్నాడు. తప్పు తనదేనని చెప్పాడు.  భూస్థాపనకు పదకొండుమందే వచ్చారని, ఇక్కడైనా నలుగురు కనబడతారని బయల్దేరానని ఆమె చెప్పింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

అందరూ వచ్చాక కరుణాకర్ గారు ఆ కొత్త చొక్కాతోనే నిలబడి, కాగితం లేకుండా మాట్లాడారు. సగంలో ఆగిపోతే రూతే లేచి మంచినీళ్లిచ్చింది. ఆమె చేతిసంచిలో తెచ్చుకున్న భర్త ఫొటో దండల్లో మునిగిపోయింది. ఇంకా రెండు దండలు మిగిలాయి గానీ, వాటిని కరుణాకర్ గారి మెడలో వేసే ధైర్యం ఎవరికీ చాలలేదు.