కాగితం కింద ముల్లు

పొద్దున ఏడింటికి విమానాల షెడ్డుకి చేరుకోవాలి. ఎనిమిదింటికి ఒంటరిగా గాల్లోకి లేచి, పావుగంటలో దిగి, తొమ్మిదిన్నరకల్లా క్లినిక్కు తెరవాలి. పళ్ళ డాక్టరు ఆ రోజుకి వేసుకున్న పథకం ఇంతే. పాతికేళ్ళుగా తనకంటూ ఒక్క పావుగంట మిగలని మనిషి అతను. పక్కసీటు ఖాళీగా ఉండే ఆ పావుగంట కోసమే యాభయ్యో ఏట విమానం నడపడం నేర్చుకున్నాడు. ఇవాళ తప్పితే మళ్ళీ కుదరదు. నేర్పిస్తున్న గురువుగారు రేపే వేరే ఊరు వెళ్ళిపోతున్నారు. వారి స్థానంలో వచ్చే ఆయన ఎవరినైనా సరే మొదటి పాఠం దగ్గర కూర్చోబెడతారని పేరు.

భార్య కూడా వెంట వచ్చింది.

"నిన్న గురువుగారు ఏమన్నారో తెలుసా?" అన్నాడు దారిలో. "విమానం పైకి పోతోందో, కిందకి పోతోందో చూపించే ముల్లొకటి ఉంటుంది. అది సున్నా మీంచి వెంట్రుకవాసి కదల్లేదట! ముప్పై ఏళ్ళలో ఇంత నిలకడగా నడిపినవాణ్ణి చూళ్ళేదట. ఆ మాట మీదే ఇవాళ ఒంటరిగా వెళ్ళమన్నారు."

"నిలకడా? మీరా?" అంది భార్య. "ఇంట్లో స్టూలెక్కి బల్బు మార్చాలంటే నేను పట్టుకోవాలి."

షెడ్డులో విమానం ముఖం అదోలా ఉంది. సీటు ముందు రెండు వరసల్లో ఆరు మీటర్లుండాలి. ఒకదాని చోట గుండ్రటి బొక్క కనిపిస్తోంది.

"ఎత్తు చూపించేది విప్పేశాను సార్," అన్నాడు మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ. "పాడైందని రాశారుగా."

డాక్టరుకి నిన్నటి కాగితం గుర్తొచ్చింది. పాఠం చెప్పేటప్పుడు గురువుగారు ఏదో ఒక మీటరు మీద గుండ్రటి కాగితం అంటిస్తారు. అది పనిచేయడం లేదనుకుని నడపడం అభ్యాసం. నిన్న ఇంజను వేయకముందే ఎత్తు మీటరును కప్పేశారు. క్లినిక్కులో ప్రతి సొరుగు మీదా చీటీ అంటించే డాక్టరుకి ఖాళీ కాగితం చూస్తే ఏదో లోటు అనిపించింది. కలం తీసి "పాడైంది" అని రాసి, కింద తేదీ వేశాడు. దిగేటప్పుడు దాన్ని పీకడం మరిచిపోయాడు. రాసి ఉన్న ఏ ఫిర్యాదునూ సరిచేయకుండా విమానాన్ని వదలకూడదన్నది ఆ షెడ్డు నియమం.

అది ఉత్తుత్తి కాగితమయ్యా అంటే సరిపోయేది. కానీ భార్య పక్కనే ఉంది. చిన్న తెలివితక్కువతనాన్ని దాచుకోవాలనుకున్నప్పుడు మనసు యజమానిని సంప్రదించదు. తనే ఒక అబద్ధం తయారుచేసి నోటికి అందించేస్తుంది.

"ముల్లు కాస్త వణికినట్టుంది," అన్నాడు.

మెకానిక్కు కళ్ళు మెరిశాయి. "వణికిందా? అయితే ఇది ఒక్కదానితో పోదు సార్. ఎత్తు, వేగం, ఎక్కడం దిగడం... ఈ మూడూ బయటి గాలిని పీల్చేది విమానం పక్క భాగంలో ఉన్న ఒకే చిన్న రంధ్రం లోంచి. ఒకదానికి జబ్బు చేస్తే మిగతా రెండూ అనుమానమే."

ఆ రెండూ ఊడాయి. తరవాత, వణుకంటే వెనకున్న పలకే వదులై ఉండొచ్చని మెకానిక్కుకి తోచింది. విమానం వాలు చూపే బొమ్మ, దిక్కు చూపే చక్రం, మలుపు చూపేది కూడా బల్ల మీదికి చేరాయి. తొమ్మిదయ్యేసరికి ఆరు మీటర్లూ ఆరబెట్టిన గిన్నెల్లా వరసగా ఉన్నాయి.

గంట ఆలస్యంగా, అప్పుడే గురువుగారు వచ్చారు.

"ఎత్తు ముల్లు వణికిందట. మీరూ చూశారా సార్?" అని అడిగాడు మెకానిక్కు.

గురువుగారు శిష్యుడి వంక చూశారు. శిష్యుడికి కనిపించింది గురువుకి కనిపించలేదంటే పరువేం కాను? "చూడకేం? దిగీ దిగగానే చెప్దామనుకున్నా," అన్నారు.

"నాకో సందేహమండీ," అంది డాక్టరు భార్య. "ఇంజను వేయకముందే దానిమీద కాగితం అంటించారని నిన్న ఈయనే చెప్పారు. కాగితం కింద ముల్లు వణకడం మీ ఇద్దరికీ ఎలా కనబడింది?"

గురువుగారు బల్ల మీది మీటరొకటి తీసి అటూ ఇటూ తిప్పి చూడసాగారు.

"వణకలేదు," అన్నాడు డాక్టరు చివరికి. "అసలేం జరగలేదు. ఆ రాత నాదే. సరదాకి రాశాను. బాబూ, వెంటనే బిగించెయ్."

"ఏం జరగలేదేంటి సార్?" మెకానిక్కు అరచెయ్యి చాపాడు. అందులో ఎండిన మట్టిపెళ్ళ ఉంది. "రంధ్రంలో కందిరీగ గూడు పెట్టింది. కనీసం మూడురోజులది. ఇలా మూసుకుపోతే ముల్లు వణకదు, అసలు కదలదు. ఎక్కడం దిగడం చూపించేదీ అంతే. మీరు కొండెక్కినా గోతిలో పడ్డా సున్నా మీదే పడుంటుంది."

గురువుగారు గొంతు సవరించుకున్నారు.

"అంటే ఆ నిలకడ..." అంది భార్య.

"కందిరీగదమ్మా," అన్నాడు మెకానిక్కు.

గురువుగారు చకచకా రిజిస్టరు తెరిచారు. నిన్నంతా కిటికీలోంచి బయటికి చూస్తూ తన పాత ప్రయాణాల కథలు చెప్పినట్టు అందులో రాయడం ఆయనకిష్టం లేదు. "శిక్షణలో ఉన్నవారు లోపాన్ని ముందుగా పసిగట్టారు. గురువు ధ్రువీకరించారు" అని రాసి సంతకం పెట్టారు. "ఇంత సునిశితమైన పరిశీలన ఉన్నాయన ఒంటరిగా ఎగరకపోతే ఇంకెవరు ఎగురుతారు? బిగించగానే వెళ్ళండి డాక్టరు గారూ!"

పన్నెండింటికి ఆరు మీటర్లూ యథాస్థానంలో ఉన్నాయి. డాక్టరు ఒక్కడే ఎక్కి కూర్చున్నాడు. ఇంజను మొదలైంది. పక్కసీటు ఖాళీగా ఉంది. ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. ఎక్కడం దిగడం చూపించే ముల్లు సున్నా మీద ఉంది. ఇవాళ దాన్ని ఆపే మట్టి లేదు. గాల్లోకి లేచాక అది తన గురించి ఏం చెబుతుందో అతను చాలాసేపు ఆలోచించాడు. తరవాత ఇంజను ఆపి దిగిపోయాడు.

"క్లినిక్కుకి ఆలస్యమైంది," అన్నాడు. భార్య కారు తలుపు తీసింది.

ఆ మధ్యాహ్నం కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న మొదటి రోగి, ఒంటరిగా ఎగరడం ఎంత అద్భుతంగా ఉంటుందో డాక్టరు చెబుతుంటే పావుగంట సేపు ఎదురుచెప్పకుండా విన్నాడు.