పదహారు పేజీలు తక్కువ

ఆ ఉదయం దేవుడి ముందు దీపం పెట్టి వాసుదేవరావు కోరుకున్నది ఒక్కటే: పక్కింటి అప్పయ్య ఇంట్లో వీడియో చెడిపోవాలి. ఒకరి వస్తువు పాడవాలని కోరడం పాపమేమో అనిపించి, పోనీ కరెంటు పోయినా చాలు స్వామీ అని సవరించుకున్నాడు.

అది బర్మాలో ఎనభై ఎనిమిది అక్టోబరు. ఆగస్టులో ప్రభుత్వాన్ని దించాలని సాగిన ఊరేగింపుకని వెళ్లిన అతని బావమరిది రాజమోహన్ తిరిగి రాలేదు. జైల్లో ఉన్నాడని కొందరు, సరిహద్దు దాటాడని కొందరు అన్నారు. మూడో మాట ఎవరూ పైకి అనలేదు. రాజమోహన్ తల్లి దేముడమ్మ మాత్రం, కళ్లకి పొర కమ్మి తను చదవలేదు కనక, పెట్టెలోంచి పాత తెలుగు నవల ఒకటి తీసి, "సదవండి అల్లుడుగోరూ" అంది. విశాఖపట్నం ఓడలు ఆగిపోయాక తెలుగువాళ్లుండే పజుండౌంగ్‌కి కొత్త తెలుగు పుస్తకం రాలేదు. ఉన్నదే చదువుకోవాలి.

ఆ నవలలో జమీందారు మీద తిరగబడిన కొడుకు తుపాకి గుండుకి చనిపోతాడని వాసుదేవరావుకి గుర్తుంది. భయపడుతూనే చదివాడు. తీరా చూస్తే చివరి పదహారు పేజీలు లేవు. చెదపురుగుల్లోనూ దయగలవి ఉంటాయనుకుని, అట్టకేసి చూస్తూ కొడుకుని ఇంటికి తెచ్చేశాడు. వాడు కాళ్లు కడుక్కుని, "ఏం కూరమ్మా?" అంటాడు. తల్లి వంకాయ అంటుంది. దేముడమ్మ కళ్లు తుడుచుకుని, మర్నాడు మళ్లీ మొదటినుంచి చదవమంది. అలా ఇప్పటికి మూడుసార్లయింది.

ఇప్పుడు సరుకు ఓడలో పనిచేసేవాడొకడు ఆ నవలని తీసిన సినిమా కేసెట్టు అప్పయ్యకి తెచ్చి ఇచ్చాడు. అయిదుగురికి మించి ఒకచోట చేరకూడదని ఉత్తర్వు. అందుకని తనతో కలిపి అయిదుగురు చొప్పున జట్లు కట్టి వేస్తానన్నాడు అప్పయ్య. వాసుదేవరావు వెళ్లేసరికి వాకిట్లో తగువు నడుస్తోంది.

"పాలు తాగే పిల్లని కూడా లెక్కెడతావేటి?" అంటోంది ఒకావిడ.

"ఏడుపు ఇద్దరంత ఏడుస్తాది. లెక్కెట్టనా మరి?" అంది అప్పయ్య భార్య భాగ్యవతి.

వాసుదేవరావు అప్పయ్యని పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు. "ఆ కేసెట్టు మా అత్తగారి కంట పడనీకు."

"ఏటి? ఏటుంది అందులో?"

"అడక్కు. పుస్తకంలో ఉన్నది వేరు, ఇది వేరు."

ఆ రోజుల్లో ఎవరు గొంతు తగ్గించినా అది రాజకీయమే. అప్పయ్య కేసెట్టు తీసుకెళ్లి బియ్యం డ్రమ్ములో పూడ్చాడు. ఆట రద్దని జట్లని పంపేశాడు. ఎందుకు రద్దని అడిగినవాళ్లకి భాగ్యవతి, ఒట్టు పెట్టించుకుని మరీ, డ్రమ్ము సంగతి చెప్పింది. పదింటికల్లా ఆ కేసెట్టులో ఆగస్టు ఊరేగింపు ఉందని వీధంతా తెలిసింది. పదకొండింటికి అందులో ఎవరెవరు కనిపిస్తారో కూడా తెలిసింది. పన్నెండింటికి వార్డు పెత్తనం చేసే కిన్ మౌంగ్ వచ్చి డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు.

"వెయ్యండి. మొత్తం చూస్తాను," అన్నాడు బర్మా భాషలో. "ఈ భాష నాకు రాదు. ఎవరైనా చెప్పాలి."

భాగ్యవతి వాసుదేవరావుని లాక్కొచ్చింది. కిన్ మౌంగ్, మొగుడూ పెళ్లాలు, వాసుదేవరావు కలిసి నలుగురు. తలుపు వేయబోతుంటే దేముడమ్మ గోడ పట్టుకుంటూ లోపలికొచ్చింది.

"నాతో అయిదు," అని పీట మీద కూర్చుంది.

కరెంటు పోలేదు. తెర మీద కొడుకు జనాన్ని వెంటబెట్టుకుని నడిచాడు. పోలీసులు కాల్చారు.

"అదేమిటి?" అన్నాడు కిన్ మౌంగ్.

ఉన్నది ఉన్నట్టు చెబితే అప్పయ్య లాకప్పులో ఉంటాడు. వాసుదేవరావు వెంటనే అందుకున్నాడు. "టపాకాయలండి. పెళ్లి ఊరేగింపు."

"పడిపోయాడే?"

"ఎండ దెబ్బ."

తెర మీద తల్లి రొమ్ము బాదుకుంటోంది. గోడ మీద కొడుకు ఫోటో, దానికి దండ.

"దండ ఎందుకు?"

"ఇంటికి తిరిగొచ్చాడు కదండీ. మర్యాద."

"ఆమె ఏడుస్తోంది."

"సంతోషం పట్టలేక. వాడు కాళ్లు కడుక్కుని, ఏం కూర అని అడిగాడు. ఆనపకాయ అంటోంది."

కిన్ మౌంగ్ తెర దగ్గరకి జరిగాడు. "నిజంగా వచ్చేశాడా?" అని మెల్లిగా అడిగాడు.

"పుస్తకంలో అలాగే ఉందండి."

"ఇందులో రాజకీయం లేదు," అని కేసెట్టు అప్పయ్యకి ఇచ్చేసి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు.

"పాపం, ఆయన కొడుకూ సరిహద్దుకి ఎల్లిపోనాడంట," అంది భాగ్యవతి.

దేముడమ్మకి బర్మా వచ్చు, తెలుగూ వచ్చు. రెండు చెవులా రెండు కథలు విని కూర్చుంది. వాసుదేవరావు ఆమె కాళ్ల దగ్గర చతికిలబడ్డాడు. "అత్తయ్యా, తప్పయిపోయింది. చివరి పేజీలు చెదలు తిన్నాయి. నేనే..."

"సెదలేటి, నా మొహం! మీ మావగోరు సదివినప్పుడే ఇన్నాను, ఆడు సచ్చిపోతాడని. ఎనకనుంచి యేళ్లతో లెక్కెట్టి నానే సింపి పొయ్యిలో ఎట్టాను. అల్లుడుగోరు ఏటి సెప్తారో సూద్దారని." చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. "రెండోసారికి వంకాయ పోయి బెండకాయొచ్చింది. ఇయ్యాల ఆనపకాయ. కూరైనా గుర్తెట్టుకోరాదా? సినిమావోల్లు అంతా పాడు సేసీసినారు. పుస్తకమే బాగుంది. రేపు మల్లీ మొదలెట్టండి."

ఆ రాత్రి వాసుదేవరావు దేవుణ్ణి అడిగాడు, అబద్ధమని అందరికీ తెలిసిన అబద్ధానికి పాపం ఎంత అని.

మర్నాడు పొద్దున్న భాగ్యవతి ఒక బర్మా ఆవిడని వెంటబెట్టుకుని వచ్చింది. కిన్ మౌంగ్ భార్య. ఆ చివర ఒక్కటీ తనకీ చదివి వినిపించమంది. వాసుదేవరావు, భార్య పద్మజ, దేముడమ్మ, వచ్చినవాళ్లిద్దరు కలిసి అయిదుగురయ్యారు. ఉత్తర్వు ఉత్తర్వే కనక కిన్ మౌంగ్ లోపలికి రాకుండా వాకిట్లో నిలబడ్డాడు. వాసుదేవరావు అట్టకేసి చూస్తూ బర్మా భాషలో మొదలుపెట్టాడు. కొడుకు కాళ్లు కడుక్కునే చోటికి వచ్చేసరికి, కిన్ మౌంగ్ గుమ్మంలోంచి తల ఒక్కటి లోపలికి పెట్టి, తమవాడికి గోంగూర ఇష్టమని చెప్పాడు.

ఆ పూట నవలలో గోంగూర వండారు.