వీలునామా వద్దు, ట్రస్టే ముద్దు

ఒంటరితనానికి మందు కనిపెట్టేశారు! దాని పేరు లివింగ్ ట్రస్టు. అమ్మేది డాక్టర్లు కాదు, లాయర్లు.

నవ్వకండి. వీలునామా సంగతి మీకు తెలిసిందే. మనం ఉన్నన్నాళ్లూ బీరువాలో మూగనోము పట్టి కూర్చుంటుంది. మనం కన్ను మూశాక నోరు విప్పుతుంది. బతికున్న మనిషికి దాంతో ఏం కాలక్షేపం?

ట్రస్టు అలా కాదు. సంతకం పెట్టగానే పని మొదలు. ఇల్లు అప్పగించేవాణ్ణి నేను. దాన్ని చూసుకునే ట్రస్టీని నేను. అందులో ఉంటూ అనుభవించేవాణ్ణీ నేనే! మా ఆవిడ పోయాక ఒక్కణ్ణే మిగిలానని దిగులుపడ్డానా? ఒక్క సంతకంతో ముగ్గురమయ్యాం!

ఇక ఇంట్లో సందడే సందడి. వంటింటి కుళాయి కారుతోందని అనుభవించేవాడు సణుగుతాడు. పేపర్లోంచి తలెత్తకుండా "చూద్దాంలే" అంటాడు ట్రస్టీ. ఇదివరకు ఆ సణుగుడు శాఖ మా ఆవిడది. ఏ కాగితమూ లేకుండానే నాకు సంక్రమించింది.

ఈ భాగ్యం ఊరికే పట్టలేదు లెండి. మా అబ్బాయిది ట్రస్టు పార్టీ. "కోర్టు చుట్టూ తిరిగే పనుండదు నాన్నా" అంటాడు. అమ్మాయిది వీలునామా పార్టీ. "రెండు గదుల ఇంటికి ట్రస్టా? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం!" అంటుంది. లాయరమ్మ ఆఫీసులో కూర్చుని, నా తర్వాత గోడలకు ఏ రంగు వెయ్యాలన్నదాకా వాదించుకున్నారు. నేనూ అక్కడే ఉన్నాను. టీ నాక్కూడా ఇచ్చారు. సంతోషం.

టీ తాగి లాయరమ్మను అడిగాను. "అమ్మా, ట్రస్టీకి పనేమిటి?"

"ఆస్తిని జాగ్రత్తగా చూసుకోవాలండీ."

"వచ్చి చూసుకోవాలా, ఫోన్లోనా?"

"మీరెలా రాయమంటే అలా."

"అయితే వీళ్లిద్దర్నీ ఇప్పుడే నాతోపాటు ట్రస్టీలుగా వేసెయ్యండి. వారానికోసారి స్వయంగా వచ్చి ఇల్లు తనిఖీ చెయ్యాలి."

"ప్రతి వారమా! ఆ ఇంట్లో చూడ్డానికేముంది నాన్నా?" అన్నాడు అబ్బాయి.

"కుళాయి కారుతోందిరా."

అమ్మాయి నా ముఖంలోకి కాసేపు చూసింది. వీలునామా పార్టీ అక్కడికక్కడే రద్దయింది. "రాసెయ్యండి మేడమ్" అంది.

సంతకాలయ్యాయి. ఈ ఆదివారమే మొదటి తనిఖీ.

చిక్కల్లా ఒక్కటే. ఎప్పుడో కబురు పెట్టిన ప్లంబర్ నిన్న రానే వచ్చాడు, సంచీ నిండా పనిముట్లతో. అప్పగించేవాడు, ట్రస్టీ, అనుభవించేవాడు, ముగ్గురం తలుపు వెనకాల నిలబడి, ఇంట్లో ఎవరూ లేరని చెప్పి పంపించేశాం.